పొరుగువారు పెట్టిన పేరు

పాఠ్యభాగం: అపొస్తలుల కార్యములు 11:19–26, 1 పేతురు 2:11–23, 4:14–16



బర్మా దేశంలో తెలుగువారికి ఒక పేరుంది: కోరంగీ. అది మనం పెట్టుకున్న పేరు కాదు. గోదావరి సముద్రంలో కలిసే చోట, యానాం దగ్గర, కోరంగి అనే రేవు ఉండేది. 1839 నవంబరులో వచ్చిన పెద్ద తుఫాను ఆ రేవును తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు పోలేదు. ఆ తీరం నుంచి ఓడ ఎక్కి రంగూన్‌లో దిగిన తెలుగువాళ్ళందరినీ బర్మావారు ఆ పేరుతోనే పిలిచారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా కోరంగీయే, విశాఖపట్నం నుంచి వచ్చినా కోరంగీయే. ఓడల్లో మూటలు మోసినవారు, రిక్షాలు లాగినవారు, వీధులు ఊడ్చినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు వీరే. కాలం గడిచేకొద్దీ చాలామంది నోట ఆ పేరు చిన్నచూపు మాట అయిపోయింది.

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. 1962లో సైన్యం అధికారం చేపట్టి, ఆ తర్వాత దుకాణాలను, వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు, ఎన్నో తెలుగు కుటుంబాలు దాదాపు కట్టుబట్టలతో తిరిగి ఓడ ఎక్కాయి. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంపు అనే పేరు ఈనాటికీ వినిపిస్తుంది. ఇక్కడ ఉన్నంతకాలం కోరంగీలు, సొంత గడ్డకు వెళ్ళాక బర్మావాళ్ళు!

మీరు యాంగోన్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా మీకూ ఇలాంటి పేరు ఒకటి ఉండే ఉంటుంది. అది మీ ముఖం మీద అనరు. మీరు గది దాటి వెళ్ళాక అంటారు. ఆ పేరు ఏమిటనేది మన చేతిలో లేదు. కానీ ఆ పేరు విన్నప్పుడు పొరుగువారి మనసులో ఏ ముఖం, ఏ పని, ఏ మాట గుర్తుకు వస్తుందనేది చాలావరకు మన చేతిలో ఉంది. మన విశ్వాసం సోమవారం నుంచి శనివారం వరకు ఎలా కనబడుతోందో ఈ పాఠంలో కలిసి ఆలోచిద్దాం.

1. "క్రైస్తవులు" కూడా పొరుగువారు పెట్టిన పేరే

శిష్యులను మొట్టమొదట అంతియొకయలో క్రైస్తవులని పిలిచారని అపొ.కార్యములు 11:26లో చదువుతాం. ఒక్క సంగతి గమనించండి. ఆ పేరు శిష్యులు తమకు తాము పెట్టుకున్నట్టు ఎక్కడా లేదు. వారు ఒకరినొకరు సహోదరులనీ, శిష్యులనీ, పరిశుద్ధులనీ పిలుచుకున్నారు. క్రైస్తవుడు అనే మాట క్రొత్త నిబంధనలో మూడే చోట్ల కనబడుతుంది. ఒకటి అంతియొకయలో. రెండవది రాజైన అగ్రిప్ప నోట (అపొ.కార్య. 26:28). మూడవది పేతురు పత్రికలో, ఆ పేరును బట్టి శ్రమ వస్తే సిగ్గుపడవద్దని చెప్పే చోట (1 పేతురు 4:16). మూడు చోట్లా బయటివారి చూపే ఉంది.

అంతియొకయవారికి కొత్త పేరు ఎందుకు కావలసి వచ్చింది? ఆ పట్టణంలో యూదులకు ఒక పేరుంది, గ్రీసుదేశస్థులకు ఒక పేరుంది. ఎవరి వీధి వారిది, ఎవరి భోజనం వారిది. అలాంటి చోట యూదులు, గ్రీసువారు కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చొని రొట్టె విరుస్తున్నారు. పేతురు ఆ బల్ల నుంచి వెనక్కి తగ్గినప్పుడు పౌలు అందరి ఎదుట ఎందుకు నిలదీశాడో గలతీయులకు 2:11–14 చదివితే తెలుస్తుంది. చూసేవారికి వీళ్ళను యూదులనాలో గ్రీసువారనాలో అర్థం కాలేదు. పాత పేర్లు సరిపోక కొత్త పేరు పెట్టారు.

మన కూడికలను ఈ వెలుగులో చూసుకుందాం. మనం సముద్రం దాటి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతో పాటు కులాన్ని కూడా మూటగట్టుకుని రాలేదా? సంఘంలో పెళ్ళి సంబంధం మాట రాగానే "వాళ్ళు ఏమిట్లు?" అనే ప్రశ్న ఎంత చప్పున వస్తుంది! గోదావరి వాళ్ళొక వైపు, గుంటూరు వాళ్ళొక వైపు, తెలంగాణ వాళ్ళొక వైపు కూర్చునే కూడికలు లేవా? బయటివాడు కిటికీలోంచి చూస్తే పాత పేర్లే సరిపోతున్నాయి. అతనికి కొత్త పేరు అవసరం కనబడటం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. మా పనిలో లాగ్ అనేది ఒకటుంది. ప్రోగ్రాము రాసినవాడి ఉద్దేశం ఎంత మంచిదో లాగ్‌లో ఉండదు. ఆ ప్రోగ్రాము ఏ నిమిషానికి ఏం చేసింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఉంటుంది. పొరుగువారు మన ప్రార్థన వినరు, మన సాక్ష్యం చెప్పే ఆదివారం ఆరాధనకు రారు. వారి దగ్గర ఉన్నది మన లాగ్ మాత్రమే. వారు మన మంచి పనులను చూసి పరలోకమందున్న తండ్రిని మహిమపరచాలని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:16). చూసేది పనులనే.

2. ఒక్క నవ్వు ఖరీదు

ఇప్పుడు చెప్పబోయేది యాంగోన్ తెలుగువారి చరిత్రలో చాలా బాధాకరమైన సంగతి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎత్తించే కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చుకున్నాయి. కొన్నాళ్ళకు సమ్మె తీరింది. మే 26న తెలుగువారు తిరిగి పనిలోకి వచ్చారు. ఆ ఉదయం మామూలుగా పనికి వచ్చిన బర్మా కూలీలకు "ఇక మీ అవసరం లేదు" అన్న మాట ఎదురైంది. ఖాళీ చేతులతో నిలబడ్డ వాళ్ళను చూసి కొందరు ఎగతాళిగా నవ్వారని ఆనాటి సంగతులు రాసినవారు చెబుతారు. రేవులో మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. కొన్ని రోజులపాటు సాగిన ఆ అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో ఎక్కువమంది మన తెలుగు కూలీలే.

చనిపోయినవారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అసలు అన్యాయం వేరే చోట ఉంది. ఇద్దరు పేదవాళ్ళను ఒకరి కూటికి ఒకరిని పోటీ పెట్టి, అవసరం తీరాక ఒకరిని గెంటేసిన యజమానులది ఆ పాపం. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. సొంత నగరంలో తామే తక్కువమంది అయిపోయామన్న బాధ బర్మావారి గుండెల్లో అప్పటికే ఉంది. అంటే ఎండిన గడ్డి ముందే పేరుకుని ఉంది. అయినా యాకోబు 3:5–6 దగ్గర కాసేపు ఆగి ఆలోచించండి. నాలుక చిన్న అవయవమే, కానీ అది ఎంత పెద్ద అడవిని తగలబెట్టగలదో అక్కడ చెప్పాడు. అడవిని ఎండబెట్టింది మనం కాకపోవచ్చు. నిప్పురవ్వ మన నోటి నుంచి రాకుండా చూసుకోవడం మాత్రం మన పని.

మనలో చాలామందికి ఒక అలవాటుంది. ఎదుటివారికి అర్థం కాదన్న ధైర్యంతో వారి ముందే తెలుగులో వారి గురించి మాట్లాడుకోవడం. టాక్సీలో కూర్చుని డ్రైవరు గురించి, పనిమనిషి నేల తుడుస్తుండగా ఆమె గురించి, ఆఫీసు లిఫ్టులో పక్కవాడి రంగు గురించి, తిండి గురించి. మాట అర్థం కాకపోవచ్చు. కానీ గొంతులో ఎగతాళి ఏ భాషలోనైనా అర్థమవుతుంది. మీరు నవ్విన నవ్వును అనువాదం చేయనక్కరలేదు. ఇక వాట్సాప్ గ్రూపుల్లో "ఈ దేశం వాళ్ళంతా ఇంతే" అని మనం పెట్టే మెసేజీలు మన పిల్లలు చదువుతున్నారు. ఆ పిల్లలు రేపు ఉదయం ఆ దేశం పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చుంటారు.

మరి అవమానం మనకే ఎదురైతే? బర్మాలో భారతదేశపు మనుషులను కలా అంటారు. ఆ మాట కొందరు మామూలుగా అంటారు, కొందరు గుచ్చడానికే అంటారు. పేతురు తన పత్రిక రాసింది పొంతులో, గలతియలో, కప్పదొకియలో చెదరిపోయి పరదేశులుగా బ్రతుకుతున్నవారికి (1 పేతురు 1:1). వారిని దుర్మార్గులని నిందించే చోట వారి మంచి ప్రవర్తనే జవాబు కావాలన్నాడు (2:12). వెంటనే యేసుప్రభువును చూపించాడు: ఆయనను దూషించినప్పుడు ఆయన తిరిగి దూషించలేదు, తన వ్యాజ్యాన్ని న్యాయంగా తీర్పు తీర్చే తండ్రికి అప్పగించాడు (2:23). నోరు మూసుకుని అన్యాయాన్ని భరించమని దీని అర్థం కాదు. పౌలు తన రోమా పౌరసత్వాన్ని వాడుకున్నాడు, శతాధిపతికి ఎదురు ప్రశ్న వేశాడు (అపొ.కార్య. 22:25–28). ఫిర్యాదు చేయవలసిన చోట చేయండి. కానీ అవతలివాడి మాట మీ నోట్లోకి రానివ్వకండి. అతను మిమ్మల్ని తక్కువ చేశాడని మీరు అతని జాతినంతా తక్కువ చేస్తే, అతనికీ మీకూ తేడా ఏముంది?

ఇంకో మాట. గాయాలు మనకే ఉన్నాయని అనుకోకండి. 1949 ఆరంభంలో అంతర్యుద్ధం రాజుకున్నప్పుడు ఇదే అహ్లోన్‌లో కరెన్ల వాడ తగలబడింది. ఆ కరెన్లలో చాలామంది మనలాంటి బాప్టిస్టు విశ్వాసులు. ప్రతి సమూహానికీ తన నష్టాల పద్దు ఒకటి ఉంటుంది. ఆ పద్దును మరిచిపొమ్మని బైబిలు చెప్పదు. పగ తీర్చే పని మాత్రం దేవునికి వదిలిపెట్టి, శత్రువు ఆకలితో ఉంటే అన్నం పెట్టమంటుంది (రోమా 12:17–21). మన నష్టాలు మనం చెప్పుకునేటప్పుడు పొరుగువారి నష్టాలు వినడానికి కూడా చెవి ఉంచుకుందాం.

3. కూలి డబ్బులో కనబడే విశ్వాసం

1930లో రేవు దగ్గర యజమానులు చేసినదానికి పూర్తి ఎదురుగా ఉన్న ఒక సంగతి మన తెలుగు సంఘాల చరిత్రలోనే ఉంది. 1876–78 మధ్య మద్రాసు రాష్ట్రాన్ని భయంకరమైన కరువు పీడించింది. ఆ రోజుల్లో ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. ఒంగోలులో పనిచేస్తున్న జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. మిగతా చోట్ల మేస్త్రీలు కూలీలను తిట్టడం, కొట్టడం, కూలిలో కోత వేయడం మామూలు. ఈయన తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. కులం చూడకుండా పని ఇచ్చారు, చేసిన పనికి కూలి ఇచ్చారు. కూలీలు విశ్రాంతి తీసుకునే వేళ ఆ బోధకులే వారి మధ్య కూర్చుని ఓదార్పు మాటలు చెప్పారు.

ఆ సాయం నడుస్తున్నంతకాలం, అడిగినవారికి కూడా ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన జాగ్రత్త. సాయం ముగిసిన తర్వాత జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ సంఖ్యను మనం సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఉన్న కాలువ గట్టును చెప్పుకోవడం తక్కువ. తమను కొట్టని మేస్త్రీని, కూలి కోయని మేస్త్రీని ఆ జనం నెలల తరబడి చూశారు. సువార్త వారి చెవికి చేరకముందే చేతికి చేరింది.

మనలో ఇప్పుడు చాలామంది మూటలు మోయడం లేదు. కంప్యూటరు ముందు కూర్చుంటున్నాం, మన కింద నలుగురు పనిచేస్తున్నారు. కాబట్టి మనం ఇప్పుడు కాలువ గట్టు మీద మేస్త్రీ స్థానంలో ఉన్నాం. కొన్ని ప్రశ్నలు వేసుకుందాం.

మీ టీములో జూనియరు కుర్రవాడు రెండు రాత్రులు కూర్చుని సరిచేసిన పనిని మీ పేరుతో పై అధికారికి చూపిస్తున్నారా? అర్ధరాత్రి విడుదల చేసిన ప్రోగ్రాము కూలిపోయినప్పుడు, "ఇది ఎవరు రాశారు?" అని అడిగే ముందు "దీన్ని పరిశీలించి ఒప్పుకున్నది ఎవరు?" అని మిమ్మల్ని మీరు అడుగుతారా? చేయని గంటలు టైమ్‌షీట్‌లో రాస్తున్నారా? హృదయపూర్వకంగా, మనుషుల కోసం కాక ప్రభువు కోసం అన్నట్టు పని చేయమని కొలస్సయులకు 3:23 చెబుతుంది. ఆ వెంటనే 4:1లో యజమానులతో మాట్లాడుతూ, మీకూ పరలోకంలో ఒక యజమానుడున్నాడని గుర్తుచేస్తుంది.

ఆఫీసులో నీతిగా ఉండి ఇంటి గుమ్మం దగ్గర జారిపోయేవారూ ఉన్నారు. ఇంట్లో పనిచేసే అమ్మాయికి జీతం ఏ తేదీన ఇస్తున్నారు? ఆమెకు జబ్బు చేస్తే ఆ రోజులు కోస్తారా? ఆమెకు వేరే గ్లాసు, వేరే పళ్ళెం పెట్టారా? కోత కోసినవారి కూలి మోసంగా పట్టి ఉంచితే ఆ కూలే దేవునికి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తుంది. మీ ప్రార్థన కంటే ముందు ఆ మొర ఆయన చెవికి చేరుతుందేమో ఆలోచించండి.

4. మెట్ల మీద, నీళ్ళ మోటారు దగ్గర

అహ్లోన్ చూడనివారికి నాలుగు మాటలు చెబుతాను. యాంగోన్ నగరానికి పడమటి వైపున, నది ఒడ్డున ఉన్న పేట ఇది. స్ట్రాండ్ రోడ్డు వెంట కంటైనర్ల రేవు ఉంటుంది. లోపలి వీధుల్లో లిఫ్టు లేని పాత అపార్టుమెంట్లు చాలా ఉన్నాయి. బాల్కనీల నుంచి కిందికి తాళ్ళు వేలాడుతుంటాయి, చివర ఒక క్లిప్పు. కింద పేపరో సంచో తగిలిస్తే పైనుంచి లాక్కుంటారు. బౌద్ధులు, కరెన్ క్రైస్తవులు, ముస్లిములు, హిందువులు ఒకే మెట్లు ఎక్కి దిగుతారు.

ఇక్కడ కరెంటు వంతులవారీగా వస్తుంది. వచ్చిన ఆ గంటల్లోనే నీళ్ళు పైకి ఎక్కించుకోవాలి, బట్టలు ఉతుక్కోవాలి, ఫోన్లు చార్జి చేసుకోవాలి. అలాంటప్పుడు ఎవరి మోటారు ముందు వేయాలి? ఎవరి జనరేటరు పొగ ఎవరి కిటికీలోకి వెళ్తోంది? మీ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగే రోజు మెట్ల నిండా చెప్పులుంటే పై అంతస్తు ముసలమ్మ ఎలా దిగుతుంది? మైకు శబ్దానికి ఎదురింటి పసిబిడ్డ నిద్ర ఏమవుతుంది? మన పొరుగువారు క్రీస్తు గురించి మొదట తెలుసుకునే విషయాలు ఇవే.

బర్మావారికి ఒక మాట ఉంది: ఆనాడే. ఎదుటివారికి ఇబ్బంది కలిగించడానికి మనసొప్పకపోవడం అని చెప్పవచ్చు. మన మొహమాటానికి దగ్గర బంధువు. దాని వల్ల వారు చాలాసార్లు మన ముఖం మీద ఏమీ అనరు. మైకు ఎంత గట్టిగా పెట్టినా నవ్వుతూనే పలకరిస్తారు. ఆ నవ్వు చూసి అంతా బాగుందని అనుకోకండి. మీరే వెళ్ళి అడగండి: "మా కూడిక వల్ల మీకు ఇబ్బందిగా ఉందా? ఏ సమయమైతే మీకు వీలు?" ఎవరి సంగతి వారే చూసుకోకుండా ఇతరుల సంగతి కూడా చూడమని ఫిలిప్పీయులకు 2:4లో ఉన్నది మన గుమ్మం దగ్గర ఇలా మొదలవుతుంది.

మనం నేర్పడానికే వచ్చామనుకోవడం కూడా పొరపాటే. ఈ నగరంలో ఇళ్ళ ముందు, చెట్ల కింద నీళ్ళ కుండలు పెట్టి, మూతమీద గ్లాసు పెడతారు. మన ఊళ్ళలో వేసవి చలివేంద్రం లాంటిదే. అయితే పేరు రాసుకున్న బ్యానరు ఏమీ ఉండదు. దారిన పోయే ఎవరైనా తాగవచ్చు. ఒక గిన్నెడు నీళ్ళు ఇచ్చినవాడు ఫలం పోగొట్టుకోడని ప్రభువు చెప్పాడు (మార్కు 9:41). ఆ వాక్యం చదవని పొరుగువారు ప్రతి ఉదయం కుండ నింపుతుంటే, చదివిన మనం వారి దగ్గర కాస్త వినయంగా నిలబడాలి. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి యేసు చూపించిన మాదిరి ఒక సమరయుడని మరచిపోవద్దు (లూకా 10:30–37). మేలు చేయడమే కాదు, పరాయివాడి మేలును గుర్తించి కృతజ్ఞత చెప్పడం కూడా ఆ ఉపమానంలో ఉన్న పాఠం.

అదోనిరామ్ జడ్సన్ 1813లో రంగూన్ వచ్చాడు. మొదటి బర్మా విశ్వాసికి బాప్తిస్మం ఇచ్చింది 1819 జూన్‌లో. అంటే దాదాపు ఆరేళ్ళు! అంతకు ముందే ఆయన దారి పక్కన ఒక జయాత్ కట్టించుకున్నాడు. జయాత్ అంటే బాటసారులు కూర్చుని సేదతీరే చావడి. అది ఈ దేశపు ఆచారం. వారి అలవాటులో, వారి భాషలో, నేల మీద వారితో కూర్చుని మాట్లాడాడు. మీరున్న దేశపు భాషలో కనీసం పలకరింపు, కృతజ్ఞత, క్షమాపణ నేర్చుకున్నారా? ఇక్కడ పెద్దవాణ్ణి అకో అనీ, పెద్దామెను అమా అనీ, నడివయసువాణ్ణి ఊలే అనీ పిలుస్తారు. మన అన్నా, అక్కా, బాబాయ్ లాంటివే. టీకొట్టు కుర్రవాడికి చిటిక వేసి పిలిచే బదులు వరస పెట్టి పిలిచి చూడండి. అతను తిరిగి చూసే చూపే వేరుగా ఉంటుంది.

5. ఇంట్లో మనకున్న పేరు

పొరుగువారికి మన మెట్ల దారి కనబడుతుంది. ఇంట్లోవారికి మన వంటగది కనబడుతుంది. సంఘంలో "బ్రదర్ చాలా నెమ్మదస్థుడు" అని పేరున్న మనిషి, ఇంటి తలుపు మూయగానే భార్య మీద గొంతు పెంచితే ఆయన అసలు పేరు ఏది? ఆదివారం అందరికీ ప్రేమతో టీ అందించే సోదరి, అత్తగారు ఫోను చేస్తే తీయకుండా వదిలేస్తే?

మనలాంటి కుటుంబాల్లో పిల్లలు రెండు మూడు భాషల మధ్య పెరుగుతారు. తెలుగు బైబిలు చదవడం వారికి కష్టం. మన పాటల్లో సగం మాటలు వారికి అందవు. కానీ అమ్మానాన్నలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటారో, తప్పు జరిగినప్పుడు ఎవరు ముందు క్షమించమని అడుగుతారో, అప్పు ఇచ్చినవాడు తలుపు కొడితే "నాన్న లేడని చెప్పు" అంటారో లేదో, ఇవన్నీ ఏ అనువాదమూ లేకుండా చదివేస్తారు. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీయులకు 6:4 తండ్రులతో చెబుతుంది. మన కోపం చూసిన పిల్లవాడు రేపు "క్రైస్తవం" అన్న పేరు వినగానే ఆ కోపాన్నే గుర్తుచేసుకోవచ్చు. మన ఇంటి శాంతిని చూసినవాడు ఆ శాంతిని గుర్తుచేసుకుంటాడు.

ఊళ్ళో ఉన్న వృద్ధ తల్లిదండ్రులు కూడా ఇందులోకే వస్తారు. నెలనెలా డబ్బు పంపడం మంచిదే. కానీ అమ్మ ఫోనులో ఒకే సంగతి మూడోసారి చెబుతున్నప్పుడు, రెండో చేత్తో మెయిలు చూసుకోకుండా వింటున్నామా? సిలువ మీద వేలాడుతూ కూడా ప్రభువు తన తల్లిని ఎవరికి అప్పగించాలా అని చూశాడు (యోహాను 19:26–27). ఆయన కంటే మనం తీరిక లేనివాళ్ళమా?

ఈ వారం చేయదగిన పనులు

మంచి మాటలు విని మరచిపోవడం సులభం. అందుకని చిన్నవి నాలుగు:

1. మీ పక్కింటివారి, ఎదురింటివారి పేర్లు తెలుసుకోండి. తెలిసినవారు వారి పిల్లల పేర్లు తెలుసుకోండి. ఆ పేర్లతో ప్రార్థన చేయండి.

2. ఎదుటివారు ఉండగా వారికి తెలియని భాషలో వారి గురించి మాట్లాడకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. పిల్లలు గుర్తుచేస్తే కోపగించుకోవద్దు.

3. మీ దగ్గర పనిచేసే ఒకరి పనిని ఈ వారం వారి పేరుతోనే పై అధికారి ముందు చెప్పండి. ఎవరికైనా కూలి బాకీ ఉంటే ఆదివారం లోపు ఇచ్చేయండి.

4. మీ సంఘంలో మీ ప్రాంతం, మీ కులం, మీ భాషయాస కాని ఒక కుటుంబాన్ని భోజనానికి పిలవండి. వారు పిలిస్తే వెళ్ళి కడుపునిండా తినండి.

గుంపుగా చర్చించడానికి

– మీరు నివసించే దేశంలో తెలుగువారికి, భారతీయులకు ఉన్న పేరేమిటి? ఆ పేరు వెనక ఏ చరిత్ర ఉంది?

– అంతియొకయవారు మన సంఘాన్ని వారం రోజులు గమనిస్తే మనకు ఏ పేరు పెడతారు?

– మనకు అన్యాయం జరిగినప్పుడు న్యాయం అడగడానికీ, పగ పెట్టుకోవడానికీ మధ్య గీత ఎక్కడుంది? 1 పేతురు 2:23ను, అపొ.కార్య. 22:25ను పక్కపక్కన పెట్టి మాట్లాడుకోండి.

– పరాయి విశ్వాసం గల పొరుగువారి దగ్గర మీరు నేర్చుకున్న మంచి ఒకటి చెప్పండి.

ప్రార్థన

పరదేశులను కాపాడే ప్రభువా, నీవే మా కోసం ఇల్లు విడిచి పరదేశివై వచ్చావు. తల వాల్చుకోవడానికి చోటు లేకుండా తిరిగావు. మేము బ్రతుకుతున్న ఈ దేశాలను, మాకు అన్నం పెడుతున్న ఈ పట్టణాలను దీవించుము. మా నోటి నుంచి ఎగతాళిని తీసివేయుము. మా చేతి కింద పనిచేసేవారి కూలి మా దగ్గర నిలవకుండా చేయుము. మా మధ్య పాత పేర్ల గోడలను కూలగొట్టుము. మా పొరుగువారు మమ్మల్ని ఏ పేరుతో పిలిచినా, ఆ పేరు విన్నప్పుడు నీ మంచితనం వారికి జ్ఞాపకం రానిమ్ము. నిందలోను శ్రమలోను నీ నామాన్ని బట్టి సిగ్గుపడకుండా మమ్మల్ని నిలబెట్టుము. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.